ఫోటోలో మనిషిని అతికిస్తే అతుకు ఎక్కడ బయటపడుతుంది?

విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద నిలబడ్డ ఒక కుర్రాడు. వెనక సముద్రంలోకి సగం దిగిన ఎర్రటి సూర్యుడు. కింద ‘సాయంకాలం’ అన్న మాట. విశాఖలో పెరిగినవాళ్లు ఎవరు చూసినా నవ్వుతారు. బంగాళాఖాతం ఒడ్డున సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు తప్ప నీళ్లలోకి దిగడు. సాయంత్రం ఆయన ఊరివైపు, మేడల వెనక ఉంటాడు. ఆ ఫోటో చేసినవాళ్లు జుట్టు కొసల దాకా ఓపికగా కత్తిరించి ఉండవచ్చు. గోవాలో తీసిన సూర్యాస్తమయాన్ని తెచ్చి పద్ధతిగా అమర్చి ఉండవచ్చు. దొరికిపోయింది మాత్రం వెలుతురు దగ్గర.

స్టూడియోవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ మార్చడం అనే ఈ పనిని, సరదాగా నేర్చుకునేవాళ్లు కాంపోజిట్ అంటున్నారు. ఒక ఫోటోలోని మనిషిని ఇంకో ఫోటోలోకి తెచ్చి, అతను ఆ చోట ఆ క్షణంలోనే ఉన్నట్టు నమ్మించడం. కొత్తవాళ్లు తమ సమయంలో ముప్పాతిక భాగం కత్తిరింపుకే ఖర్చు పెడతారు. నిజానికి కత్తిరింపు ఇప్పుడు చాలావరకు యంత్రం చేసే పని. 2022లో వచ్చిన ఐఓఎస్ 16 నుంచి ఐఫోన్‌లో మనిషి మీద వేలు నొక్కిపడితే చాలు, బ్యాక్‌గ్రౌండ్ వదిలి విడిగా లేచి వచ్చేస్తాడు. ఇలా తేలిగ్గా కత్తిరించిన బొమ్మలు నెట్టంతా నిండి ఉన్నా, వాటిలో నమ్మేలా ఉన్నవి పదింట ఒకటి కూడా కనిపించవు. కెమెరా ఎత్తు, వెలుతురు వచ్చే దిక్కు, నలుపు మోతాదు, నీడ, గ్రెయిన్ (ఫోటోలో కనిపించే సన్నటి చుక్కల గరుకు) అనే అయిదింటిలో ఏదో ఒకటి తప్పి ఉంటుంది. ఇందులో మొదటి రెండూ సాఫ్ట్‌వేర్ తెరవక ముందే తేలిపోతాయి. తర్వాత ఎంత కుస్తీ పట్టినా అవి సరికావు.

చిక్కు కొత్తదేమీ కాదు. 1850ల్లో ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్ర దృశ్యాలు తీసేటప్పుడు, కొలోడియన్ రసాయనం పూసిన అప్పటి గాజు ప్లేట్లు నీలి వెలుతురుకి అతిగా స్పందించేవి. నీళ్లకు సరిపడా ఎక్స్‌పోజర్ ఇస్తే ఆకాశం తెల్లగా పాలిపోయేది. అందుకని ఆయన కొన్ని చిత్రాలకు ఆకాశానికొక నెగటివ్, సముద్రానికొక నెగటివ్ వాడి, అచ్చు వేసేటప్పుడు దిగంతం దగ్గర రెండింటినీ కలిపాడు. అక్కడ ప్రకృతి ఎలాగూ ఒక గీత గీసి పెట్టింది కాబట్టి అతుకు అందులో దాక్కుంది. ఒకే మబ్బుల నెగటివ్‌ని వేర్వేరు సముద్రాల మీద కూడా వాడాడు. 1857లో ఆస్కర్ రైలాండర్ అనే మరో ఫోటోగ్రాఫర్ ముప్పైకి పైగా నెగటివ్‌లతో ఒకే పెద్ద చిత్రాన్ని కూర్చాడు. కంప్యూటర్ వచ్చాక కూడా కొన్నాళ్లు కష్టం తగ్గలేదు. 1990లో వచ్చిన తొలి ఫోటోషాప్‌లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే విడి పొరలు, లేవు. అతికించి వదిలేస్తే బొమ్మ అక్కడే అంటుకుపోయేది. 1994లో మూడో వెర్షన్‌తో లేయర్లు వచ్చాకే తప్పు దిద్దుకునే వీలు కలిగింది.

కెమెరా ఎంత ఎత్తులో ఉంది?

అన్నిటికంటే తక్కువగా పట్టించుకునేది ఇదే, అన్నిటికంటే ఎక్కువగా పట్టిచ్చేదీ ఇదే. చదునైన నేల మీద కెమెరాను ఏ ఎత్తులో పట్టుకుంటే, దిగంతం గీత ఆ నేల మీదున్న ప్రతి మనిషినీ అదే ఎత్తులో కోస్తుంది. కెమెరా అయిదడుగుల ఎత్తులో ఉంటే, పదడుగుల దూరంలో ఉన్న మనిషికైనా వందడుగుల అవతల ఉన్న మనిషికైనా గీత నేలనుంచి అయిదడుగుల దగ్గరే పడుతుంది. అయిదున్నర అడుగుల మనిషి అయితే అది సుమారుగా ముక్కు కింద. ఆర్కే బీచ్ ఫోటో అయితే దిగంతాన్ని వెతుక్కునే పని లేదు. సముద్రం ఆకాశాన్ని కలిసే గీతే అది.

ఇప్పుడు అతికించబోయే మనిషిని తీసినప్పుడు కెమెరా నాలుగడుగుల ఎత్తులో, అంటే ఛాతీ దగ్గర ఉందనుకుందాం. సముద్రపు గీత అతని ఛాతీ మీదుగా పోయేలా, పాదాలు ఇసుక మీద ఆనేలా అమరిస్తే, పక్కవాళ్లతో పోల్చినప్పుడు అతను దాదాపు ఏడడుగుల మనిషైపోతాడు. పక్కవాళ్లకు తగ్గట్టు చిన్నది చేస్తే గీత ముక్కు కిందికి వస్తుంది గాని, మోకాళ్లు, చెప్పులు, గడ్డం కింది భాగం మాత్రం నాలుగడుగుల ఎత్తునుంచి చూసినట్టే ఉంటాయి. దూరంగా నిలబెట్టిన మనిషి విషయంలో ఒక అడుగు తేడాని కన్ను క్షమిస్తుంది. దగ్గరగా నిలబెడితే క్షమించదు.

ఆర్కే బీచ్‌లో ఇంకో మెలిక ఉంది. బీచ్ రోడ్డు ఇసుక కంటే ఎత్తులో ఉంటుంది. రోడ్డు గోడ దగ్గర నిలబడి తీసిన ఫోటోలో సముద్రపు గీత ఇసుక మీది మనుషుల తలలకు పైనుంచి పోతుంది. అలాంటి బ్యాక్‌గ్రౌండ్‌లోకి ఎదురుగా నిలబడి తీసిన మనిషిని తెస్తే, అతను సముద్రం మీదికి ఒరిగిన కటౌట్‌లా కనిపిస్తాడు. మనిషిని కూడా మేడ మీదనుంచి కిందికి చూస్తూ తీస్తే తప్ప అది కుదరదు.

దిగంతం కనిపించని చోట, అంటే గదిలోనో వీధిలోనో, నేల టైల్స్ గీతల్ని, కిటికీల పై అంచుల్ని, గోడ కింది పట్టీని ఒక ఖాళీ లేయర్ మీద పొడిగించి గీయాలి. లోపలికి పోయే సమాంతర గీతలన్నీ ఒక చోట కలుస్తాయి. ఆ బిందువు గుండా అడ్డంగా గీసిన గీతే దిగంతం. అయిదు నిమిషాల పని. చాలామంది చేయరు.

దూరం కూడా ఇలాంటిదే. ముఖం ఆకారం లెన్స్‌ని బట్టి కాక, కెమెరాకీ ముఖానికీ మధ్య దూరాన్ని బట్టి మారుతుంది. అడుగున్నర దూరంలో తీసుకున్న సెల్ఫీలో ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. దాన్ని పదడుగుల దూరంలో నిలబడ్డ ఒంటికి తగిలిస్తే, ఏం తప్పో చెప్పలేకపోయినా ఏదో తప్పని అందరికీ తెలిసిపోతుంది. మనిషిని కనీసం పదడుగుల దూరంనుంచి తీసి, అవసరమైతే తర్వాత ఫోటో అంచుల్ని కత్తిరించుకోవడం మేలు.

మొదటి పది కాంపోజిట్‌లు నడుము పైభాగంతోనే చేయడం తెలివైన పని. పాదాలు లేకపోతే నేల మీద నీడ అక్కర్లేదు, దిగంతం లెక్క కాస్త అటూ ఇటూ అయినా కనబడదు. పాదాల్ని గడ్డిలో దాచేయడం పాత ఉపాయం. గడ్డి పరకలు పాదాల ముందుకు కూడా వచ్చేలా మాస్క్ (ఏ భాగం కనిపించాలో, ఏది దాగాలో చెప్పే పొర) గీస్తేనే అది పనిచేస్తుంది.

వెలుతురు దిక్కు

ఉదయం ఎనిమిదింటికి సముద్రం వైపు తిరిగి తీసిన ఆర్కే బీచ్ ఫోటోలో సూర్యుడు మనిషి వెనకో, వెనక ఓ పక్కగానో ఉంటాడు. అంటే ముఖం నీడలో ఉండాలి, జుట్టు అంచుల మీదా భుజాల మీదా మెరుపు ఉండాలి. పెళ్లిలో ఫ్లాష్‌తో ఎదురునుంచి తీసిన ఫోటో ఇందులోకి రాదు. ముక్కు నీడ ఎటు పడింది, గడ్డం నీడ మెడ మీద ఎక్కడ పడింది, కళ్లలో మెరుపు ఎక్కడుంది అన్న మూడూ చూస్తే ఏ ఫోటోలోనైనా వెలుతురు దిక్కు తెలుస్తుంది. నీడ అంచు పదునుగా ఉంటే ఎండ, మెత్తగా ఉంటే మబ్బో వరండానో. మబ్బు రోజున తీసిన మనిషిని ఎండలో నిలబెట్టడం దాదాపు అసాధ్యం. ఎండలో తీసిన మనిషిని మబ్బు కిందికి తేవడం ఇంకా కష్టం, ఎందుకంటే ముఖం మీది గట్టి నీడను చెరిపే మార్గం లేదు.

దిక్కు తిరగబడి ఉంటే బొమ్మను అద్దంలోలా తిప్పేయడం అందరికీ తట్టే ఉపాయమే. ఇక్కడ తెలుగు ఇళ్ల ఫోటోలకు ప్రత్యేకమైన ఉచ్చు ఒకటి పొంచి ఉంటుంది. చీర పైట ఎడమ భుజం మీదనుంచి కుడి భుజానికి మారిపోతుంది. అత్తలూ అమ్మమ్మలూ నీడల తప్పు పట్టలేకపోవచ్చు గాని పైట తప్పు ఒక్క క్షణంలో పట్టేస్తారు. మగవాళ్ల చొక్కా గుండీల పట్టీ, పాపిడి, ముక్కుపుడక, చేతి గడియారం, బుగ్గ మీద పుట్టుమచ్చ, టీషర్టు మీద అక్షరాలు అన్నీ పక్కలు మారతాయి. తిప్పే ముందు ఇవన్నీ ఒకసారి చూసుకోవాలి.

ఇంతకంటే మంచి దారి, బ్యాక్‌గ్రౌండ్‌ని ముందు ఎంచుకుని దానికి తగ్గట్టు మనిషిని తీయడం. బీచ్ ఫోటో తీసేటప్పుడే కెమెరా ఎత్తు, సూర్యుడు ఎటున్నాడు, జూమ్ ఎంత అన్నవి ఫోన్‌లో రాసుకోవాలి. తర్వాత ఇంటి డాబా మీద, అదే వేళకి, సూర్యుడు మనిషి వెనక అదే పక్కన ఉండేలా నిలబెట్టి, టేపుతో కొలిచి అదే ఎత్తులో కెమెరా పట్టుకోవాలి. ఇసుక మంచి అద్దంలాంటిది. కిందినుంచి గడ్డం మీదికి వెచ్చటి వెలుతురు కొడుతుంది. డాబా సిమెంటు అంత కొట్టదు. మనిషి ముందు నేల మీద లేత పసుపు దుప్పటి ఒకటి పరిస్తే ఆ లోటు తీరుతుంది. నాలుగు వందల రూపాయల దుప్పటి చేసే ఈ పనిని సాఫ్ట్‌వేర్‌లో చేయాలంటే ఓ పూట పడుతుంది.

కత్తిరింపు, క్లుప్తంగా

ఫోటోషాప్ అయినా, ఉచితంగా దొరికే జింప్ అయినా, బ్రౌజర్‌లోనే నడిచే ఫోటోపీ అయినా సూత్రం ఒకటే. ఇరేజర్ ముట్టుకోకూడదు. లేయర్ మాస్క్ వాడాలి. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట బొమ్మ కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగుతుంది, బూడిద రంగున్నచోట సగం కనిపిస్తుంది. తప్పు చేస్తే రంగు మార్చి మళ్లీ గీసుకోవచ్చు.

చొక్కా భుజం, చేయి లాంటి గట్టి అంచులకు, చుక్కలు పెట్టి వాటిని కలుపుతూ గీత గీసే పెన్ టూల్. మాస్క్ అంచు ఎంత మెత్తగా ఉండాలన్నది అసలు ఫోటోలో అంచు ఎంత మెత్తగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. 12 మెగాపిక్సెల్ ఫోటోలో ఫోకస్‌లో ఉన్న అంచుకి అర పిక్సెల్‌నుంచి ఒకటిన్నర పిక్సెల్ చాలు. అంచుని మెత్తబరిచే ఫెదర్‌ని పది పిక్సెళ్లు పెట్టేసి ‘సాఫ్ట్‌గా ఉంది’ అనుకోవడం వల్లే మనిషి చుట్టూ పొగ అలుముకున్నట్టు ఉంటుంది.

జుట్టుకి ఇప్పటికీ చానెల్ పద్ధతిని మించింది లేదు. ఫోటోలో కలిసి ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరల్ని, అంటే చానెళ్లను విడివిడిగా చూసి, జుట్టుకీ వెనకకీ తేడా ఎక్కువున్న దాన్ని నకలు తీయాలి. ఆకాశం ముందు నల్లటి జుట్టయితే అది సాధారణంగా నీలం. ఆ నకలు మీద, నలుపు తెలుపు హద్దుల్ని జరిపే లెవెల్స్‌తో ఆకాశాన్ని పూర్తి తెలుపుకి, జుట్టుని నలుపుకి నెట్టి, ముఖం లోపలి భాగాన్ని బ్రష్‌తో నల్లగా నింపి, తిరగేసి మాస్క్‌గా వాడాలి. లెవెల్స్‌ని చివరిదాకా నెడితే సన్నటి వెంట్రుకలు తెగిపోయి హెల్మెట్‌లా మిగులుతుంది. కాస్త ముందే ఆపాలి. మల్లెపూలు పెట్టుకున్న జడ తెల్లటి ఆకాశం ముందుంటే ఈ పద్ధతి పూలను కూడా ఆకాశమనుకుంటుంది. పూలవరకు చేత్తో గీయక తప్పదు.

అంచుల్లో పాత బ్యాక్‌గ్రౌండ్ రంగు సన్నటి గీతలా మిగలడానికి కారణం చాలావరకు జేపెగ్, అంటే ఫోటోని కుదించి దాచే ఫైల్ పద్ధతి. ఎక్కువ ఫోన్ల జేపెగ్‌లలో రంగు సమాచారం, వెలుతురు సమాచారం కంటే సగం రిజల్యూషన్‌లో ఉంటుంది. అందుకే పక్క రంగు ఒకటి రెండు పిక్సెళ్లు లోపలికి పాకుతుంది. మాస్క్‌ని ఒక పిక్సెల్ లోపలికి జరపడం, మిగిలిన చోట్ల మనిషి లేయర్‌కి మాత్రమే అంటుకునేలా పైన ఒక ఖాళీ లేయర్ పెట్టి, బ్లెండ్ మోడ్ (పై పొర కింది పొరతో కలిసే తీరు) కలర్‌లో ఉంచి, పక్కనున్న జుట్టు రంగుతో అంచుని పూయడం. ఈ రెండూ చాలు.

నలుపు ఎంత నల్లగా ఉంది?

అందరూ రంగు కలపలేదంటారు గాని, ఎక్కువసార్లు కలవనిది నలుపు. సముద్రపు గాలిలో తేమ, ఉప్పు, ధూళి ఉంటాయి. దూరంగా ఉన్న నల్లటి వస్తువు మీద కూడా వెలుతురు తెర పడి అది బూడిద రంగులోకి తిరుగుతుంది. ఇంట్లో తీసిన మనిషి జుట్టు మాత్రం చిక్కటి నలుపు. రెండూ పక్కపక్కన ఉంటే మనిషి స్టిక్కర్‌లా పైకి తేలతాడు.

దీనికి సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌వాళ్ల పద్ధతిని మించింది లేదు. రంగుని రంగుగా చూడటం మానేసి, ఒక్కో చానెల్‌ని నలుపు తెలుపు బొమ్మలా సరిచేయడం. మనిషి లేయర్‌కి మాత్రమే వర్తించే లెవెల్స్ ఒకటి పెట్టాలి. జింప్‌లో అయితే 2025లో వచ్చిన 3.0 వెర్షన్‌నుంచి లెవెల్స్‌ని తర్వాత మార్చుకోగలిగే ఫిల్టర్‌గా లేయర్ మీదే ఉంచవచ్చు. ఇప్పుడు ఎరుపు చానెల్ ఒక్కటే కనిపించేలా చేయాలి. ఫోటోషాప్‌లో అది బూడిద రంగు బొమ్మలా కనిపిస్తుంది. జింప్‌లో ఎర్రగా కనిపిస్తుంది, పనికి ఇబ్బంది లేదు. ఐడ్రాపర్‌తో బ్యాక్‌గ్రౌండ్‌లో మనిషి ఉండబోయే దూరంలో ఉన్న నల్లటి వస్తువుని, అంటే పడవ నీడనో ఇంకొకరి జుట్టునో కొలవాలి. ఉదాహరణకు, 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు అయిన కొలతలో అక్కడ 28 ఉంది, మనిషి జుట్టు 6 ఉంది అనుకుందాం. లెవెల్స్‌లో కింది పట్టీ, అంటే అవుట్‌పుట్ నలుపుని జుట్టు 28కి వచ్చేదాకా పెంచాలి. అలల నురుగు 238 ఉండి తెల్ల చొక్కా 252 ఉంటే, అవుట్‌పుట్ తెలుపుని చొక్కా నురుగుతో సమానమయ్యేదాకా తగ్గించాలి. మధ్య స్లైడర్‌ని పక్కవాళ్ల చర్మంతో పోల్చి జరపాలి. తర్వాత ఆకుపచ్చ, ఆ తర్వాత నీలం. పొద్దుటి సముద్రం దగ్గర నీలం చానెల్లో నలుపు మిగతా రెండింటికంటే ఎక్కువ లేస్తుంది, ఎందుకంటే ఆ తేమ తెర ఆకాశపు నీలాన్ని మోస్తుంది. మూడు చానెళ్లు ముగించి పూర్తి రంగులోకి వస్తే, మనిషి ఆ గాలిలో నిలబడ్డట్టు కనిపిస్తాడు. టెంపరేచర్ స్లైడర్‌ని అటూ ఇటూ లాగుతూ గంట గడిపినా రాని ఫలితం పది నిమిషాల్లో వస్తుంది.

అన్నిటికంటే పైన నల్ల రంగు నింపిన లేయర్ పెట్టి, దాని బ్లెండ్ మోడ్‌ని కలర్ చేస్తే మొత్తం బొమ్మ బ్లాక్ అండ్ వైట్ అవుతుంది. వెలుతురు తేడాలు అందులో దాగవు. దాన్ని ఆపి, రంగుల చిక్కదనాన్ని మార్చే శాచురేషన్‌ని తాత్కాలికంగా 60 దాకా పెంచితే రంగు తేడాలు అరుస్తాయి. పని ముగిశాక ఈ రెండు తనిఖీ లేయర్లనూ ఆపేయడం మరిచిపోకూడదు.

మానిటర్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉంటే పై శ్రమ అంతా వృథా. చీకటి పడ్డాక తనంతట తనే ఆన్ అయ్యేలా పెట్టుకునే ఈ పసుపు తెర వెనక రంగులు దిద్దితే, తెల్లారి చూసేసరికి ముఖాలన్నీ నీలంగా ఉంటాయి. ఉద్యోగాలనుంచి వచ్చి రాత్రిపూట ఈ సరదా తీర్చుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి ఈ తప్పు రోజూ జరిగేదే.

నీడ

నీడలు రెండు. ఒకటి చెప్పుల అంచుకీ నేలకీ మధ్య ఉండే సన్నటి చిక్కటి గీత. రెండోది సూర్యుడు వేసే పొడుగాటి నీడ. పొడుగాటి నీడ శ్రద్ధగా వేసి చెప్పుల కింది గీత మరిచిపోతే మనిషి అంగుళం ఎత్తున గాలిలో తేలతాడు. రెండునుంచి అయిదు పిక్సెళ్ల మెత్తదనంతో, మడమ దగ్గర చిక్కగా, వేళ్ల వైపు పలచబడేలా దాన్ని ముందు గీయాలి.

నల్ల బ్రష్‌తో పూసి ఒపాసిటీ (చిక్కదనం) తగ్గించడం అలవాటుగా అందరూ చేసేదే, కానీ అది మసి మరకలా ఉంటుంది. ఎండలోని నీడ నలుపు కాదు. సూర్యుడు కనబడకపోయినా ఆకాశం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అందులో నీలం ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌కి నకలు తీసి, దాన్ని, గీతను వంచి వెలుతురు మార్చే కర్వ్స్‌తో నీడలోకి దించాలి. ఎంత దించాలో ఆ ఫోటోయే చెబుతుంది. ఎండలో ఇసుక 205 ఉండి, అదే ఇసుక ఏ గొడుగు నీడలోనో 118 ఉంటే, కర్వ్‌లో 205 దగ్గర చుక్క పెట్టి 118కి లాగాలి. నీలం చానెల్‌ని కాస్త తక్కువగా దించాలి. ఇక ఆ నకలుకి నల్ల మాస్క్ పెట్టి, నీడ ఆకారాన్ని తెల్లగా గీస్తే, ఇసుక రేణువులన్నీ అలాగే ఉండి నీడ మాత్రమే పడుతుంది.

ఆకారానికి మనిషి మాస్క్‌నే తలకిందులు చేసి పాదాల దగ్గర ఆనించి లాగవచ్చు. సూర్యుడు వెనకో ముందో ఉన్నప్పుడు అది సరిపోతుంది. పక్కనుంచి కొట్టే ఎండకు సరిపోదు, ఎందుకంటే అప్పుడు సూర్యుడికి కనిపించేది మనిషి పక్క రూపం. పొడవు లెక్క తేలిక. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ మనిషంత, 30 డిగ్రీల్లో మనిషికి 1.7 రెట్లు, 20 డిగ్రీల్లో 2.7 రెట్లు. ఫోటోలో అది కెమెరా వైపు వాలి కురచగా కనిపిస్తుంది కాబట్టి పక్కనున్న స్తంభాల నీడతో పోల్చుకోవడమే నయం. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. ఆ కారణంగా పాదాల దగ్గర నీడ అంచు కత్తిలా ఉండి, తల దగ్గరకొచ్చేసరికి రెండు మూడు సెంటీమీటర్లు చెదిరిపోతుంది. మొత్తం నీడకి ఒకే బ్లర్ పెట్టడం మరో ఆనవాలు.

తడి ఇసుక అయితే ప్రతిబింబం కూడా కావాలి. నీడ సూర్యుణ్ని బట్టి ఎటైనా పడుతుంది, ప్రతిబింబం మాత్రం ఎప్పుడూ పాదాలనుంచి నిటారుగా కిందికే వస్తుంది. రెండింటినీ ఒకే కోణంలో వాల్చేసిన ఫోటోలు లెక్కలేనన్ని.

సూర్యుడు వెనక ఉన్నప్పుడు ఆకాశపు వెలుతురు మనిషి అంచుల మీదికి కొంచెం పొంగుతుంది. బ్యాక్‌గ్రౌండ్ నకలుని 30 పిక్సెళ్లు బ్లర్ చేసి, మనిషి లోపలి అంచు వెంబడి మాత్రమే కనబడేలా మాస్క్ చేసి, స్క్రీన్ మోడ్‌లో 20-30 శాతం దగ్గర ఉంచితే అది వస్తుంది. నలభై దాటితే దేవుడి క్యాలెండర్ అవుతుంది.

గ్రెయిన్, వాట్సాప్

చివరి మెట్టు ఇది. బొమ్మను 200 శాతం జూమ్ చేసి మనిషి చొక్కానీ పక్క గోడనీ పోల్చాలి. ఒకటి నున్నగా, ఒకటి గరగరలాడుతూ ఉంటే అవి ఒక కెమెరాలోంచి వచ్చినవి కావు. సగానికి చిన్నది చేసిన మనిషిలో గ్రెయిన్ మాయమై అంచులు మరీ పదునెక్కుతాయి. పెద్దది చేస్తే మెత్తబడతాయి. పెద్దది చేయడం పది ఇరవై శాతం దాటకుండా చూసుకుని, తేడా ఉన్నప్పుడల్లా ఎక్కువ వివరం ఉన్నదాన్నే తగ్గించాలి. తర్వాత 50 శాతం బూడిద రంగు నింపిన లేయర్‌ని ఓవర్‌లే మోడ్‌లో పెట్టి, రంగు లేని నాయిస్ (కంప్యూటర్ చల్లే సన్నటి చుక్కలు) రెండు మూడు శాతం కలిపి, 0.4 పిక్సెల్ బ్లర్ ఇస్తే కెమెరా గ్రెయిన్‌కి దగ్గరగా వస్తుంది. బ్లర్ ఇవ్వని నాయిస్ ఇసుక చల్లినట్టు ఉంటుంది. ఆకాశంలో మెట్లు మెట్లుగా రంగు విరిగిపోతున్నా ఈ నాయిసే మందు. 8 బిట్ ఫైల్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉండటం ఆ విరుపుకి కారణం. 16 బిట్‌లో పనిచేస్తే అది తగ్గుతుంది గాని, 24 మెగాపిక్సెల్ లేయర్ ఒక్కొక్కటీ 150నుంచి 200 మెగాబైట్లు తింటుంది. పది లేయర్లకి 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది.

బంధువులు పంపే ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా వస్తే పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోయి, ముఖం మీద చదరాలు చదరాలుగా మరకలతో వస్తాయి. డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. అడగడానికి మొహమాటపడి ఆ ఫైల్‌తోనే కుస్తీ పడితే గ్రెయిన్ ఎప్పటికీ కలవదు.

లేని తాతయ్యను పెళ్లిలో నిలబెట్టడం

తెలుగు రాష్ట్రాల్లో ఈ సరదా ఉన్నవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే కోరిక ఇది. ఉన్నది ఒక్కటే పాత బ్లాక్ అండ్ వైట్ పాస్‌పోర్టు సైజు ఫోటో. అందులో ఛాతీ దాకానే ఉంటుంది, వెలుతురు ఎదురునుంచి చదునుగా పడి ఉంటుంది, కాగితం గరుకు స్కాన్‌లో దిగి ఉంటుంది. దానికి వేరే ఒళ్లు తగిలించి, రంగులేసి, మండపంలో కొత్త పెళ్లికొడుకు పక్కన నిలబెడితే పైన చెప్పిన అయిదూ ఒకేసారి తప్పుతాయి. పైగా ఆయన నవ్వు ఎలా ఉండేదో తెలిసినవాళ్లు ఇంట్లో ఇంకా ఉంటారు.

ఇంతకంటే నిలబడే దారి, ఆయన్ని ఫోటోగానే ఉంచడం. పెళ్లివారి వెనక గోడ మీద ఫ్రేమ్ కట్టిన పటంలా పెట్టాలి. అప్పుడు ఒళ్లు అక్కర్లేదు, పాత వెలుతురు తప్పు కాదు, గరుకు కూడా అందమే. పర్‌స్పెక్టివ్ టూల్‌తో నాలుగు మూలల్ని గోడ గీతలకు సరిచేసి, ఫ్రేమ్ కింద గోడ మీద సన్నటి నీడ వేసి, గాజు మీద గదిలోని ట్యూబ్‌లైట్ మెరుపుని 10-15 శాతం ఒపాసిటీతో ఏటవాలుగా పరిస్తే చాలు. దండ వేయాలంటే విడిగా అదే వెలుతురులో తీసుకోవాలి. ఆ దండ నీడ గాజు మీద పడాలి.

2023లో ఫోటోషాప్‌లోకి వచ్చిన జెనరేటివ్ ఫిల్ లాంటి ఏఐ సాధనాలు పాత ఫోటోల చిరుగులకు, దారిలో అడ్డొచ్చిన కరెంటు తీగలకు బాగా పనికొస్తాయి. ముఖానికి వాడితే ముఖం ఇంకొకరిదవుతుంది. అవి మొదట్లో 1024 పిక్సెళ్ల ముక్కలుగానే గీసి, తర్వాత సాగదీసేవి. అందువల్ల పెద్ద భాగాన్ని నింపితే ఆ చోటు మెత్తగా, గ్రెయిన్ లేకుండా మిగిలేది. ఏ వెర్షన్ అయినా నింపిన చోటుని 200 శాతంలో చూసి గ్రెయిన్ కలపాలి.

ప్రింట్

లేయర్లతో ఉన్న ఫైల్‌ని పీఎస్‌డీగానో ఎక్స్‌సీఎఫ్‌గానో దాచి, నకలునే జేపెగ్ చేయాలి. రంగు స్థలం ఎస్‌ఆర్‌జీబీ, నాణ్యత 90 పైన. 4×6 అంగుళాల ప్రింట్‌కి 1200×1800 పిక్సెళ్లు, 12×18 కి 3600×5400 ఉంటే అంగుళానికి 300 చొప్పున వస్తుంది. పదడుగులు × ఎనిమిదడుగుల ఫ్లెక్సీకి అంగుళానికి 72 సరిపోతుంది, అంటే 8640×6912. దూరంనుంచి చూసేది కాబట్టి అంతకంటే పెంచడం దండగ. ప్రింట్‌లు నల్లగా వస్తున్నాయంటే తప్పు ల్యాబ్‌ది కాకపోవచ్చు. మానిటర్ కాంతి మరీ ఎక్కువగా ఉంటే చీకటి బొమ్మ కూడా వెలుగ్గా కనిపిస్తుంది. పెద్ద ప్రింట్‌కి ముందు అదే ఫైల్‌ని మూడు వెలుతురుల్లో, అంటే ఉన్నదున్నట్టు, లెవెల్స్ మధ్య స్లైడర్ 1.1తో, 1.2తో 4×6 కాగితం మీద పక్కపక్కన అచ్చు వేయించి, పటం తగిలించబోయే గోడ దగ్గరే పట్టుకుని చూసి ఎంచుకోవాలి.